పరదేశంలో గట్టిగా మాట్లాడండి: ఎమ్మిగనూరు నుంచి బయల్దేరేవాళ్ళకు సలహాలు

విమానం ఎక్కబోయే పిల్లలకు చెప్పే జాగ్రత్తలు మన ఇళ్ళలో అందరివీ ఒకటే. బస్సులో ఫోన్ మాట్లాడొద్దు. ముక్కూమొహం తెలియనివాళ్ళతో మాటలు కలపొద్దు. దారి ఎవరినీ అడగొద్దు, ఫోన్‌లో చూసుకో. మన వంటలు వండి ఇల్లంతా వాసన చేయొద్దు. ఊరేదంటే హైదరాబాద్ అని చెప్పు, ఎమ్మిగనూరంటే ఎవరికి తెలుస్తుంది?

అన్నీ ప్రేమతో చెప్పే మాటలే. కానీ వీటిని తు.చ. తప్పకుండా పాటించినవాళ్ళను నేను కువైట్లో చూశాను, ఇంగ్లండులో చూశాను. వాళ్ళకు ఏ ఇబ్బందీ రాలేదు, వాళ్ళ గడపకు ఏ మనిషీ రాలేదు. గది నుంచి పనికి, పని నుంచి గదికి. సెలవు రోజున ఇంటికి వీడియో కాల్ చేసి "అంతా బాగుందిమ్మా" అని చెప్పడం, తర్వాత ముసుగు తన్ని పడుకోవడం. ఆ "బాగుంది" వింటే నాకు గుండె తరుక్కుపోయేది. అందుకే ఇక్కడ చెప్పేవన్నీ ఆ జాగ్రత్తలకు తలకిందుల సలహాలు. పెద్దవాళ్ళు కోప్పడితే కోప్పడనీ. పరాయిదేశంలో తమాషా పరిచయాలు ఊరికే జరగవు, వాటికి మనం చోటివ్వాలి.

మొదట చెప్పాల్సింది ఇది. బస్సులో తెలుగులో మాట్లాడండి, కాస్త గట్టిగానే మాట్లాడండి.

లండన్‌లో ఈస్ట్ హామ్ వైపు పోయే బస్సు పై అంతస్తులో కూర్చుని ఉండగా మా చిన్నాయన ఫోన్ చేశాడు. శెనక్కాయలు ఆదోని మార్కెట్ యార్డుకు తోలాలా, ఇంట్లోనే పెట్టుకోవాలా అని ఆయన ప్రశ్న. మనూర్లో మాట్లాడే గొంతుతోనే జవాబు చెబుతున్నాను. వెనక సీట్లోంచి ఎవరో భుజం తట్టారు. తిరిగి చూస్తే స్వెట్టరు వేసుకున్న ఒక పెద్దావిడ.

"ఇప్పుడే తోలొద్దని చెప్పు నాయనా. పచ్చి ఆరనిది తీసుకపోతే రేటు కోస్తారు. బాగా ఎండబెట్టమను."

ఫోన్‌లో చిన్నాయన "ఎవరప్పా ఆయమ్మ?" అంటున్నాడు. ఆమెది బళ్ళారి. కొడుకు దగ్గర ఉంటోంది. మాది ఎమ్మిగనూరు అనగానే "అయితే మా జిల్లావాడివే!" అంది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటు వచ్చాయని, బళ్ళారి మైసూరులో కలిసిందని ఆమెకు బాగా తెలుసు. తెలిసీ ఒప్పుకోదు. పుట్టినప్పుడు ఆదోని వాళ్ళ జిల్లాలో ఉందంట, తనను అడక్కుండా ఎవరో మారిస్తే తనకేం సంబంధం అంట. బస్సు దిగేలోగా ఆదివారం జొన్నరొట్టెలకు పిలిచింది. ఆ తర్వాత మా చిన్నాయన పంట విషయం నన్ను అడగడం మానేశాడు. ఫోన్ చేస్తే చాలు, "ఆ బళ్ళారి అక్క ఏమంటాంది?" అనేవాడు.

ఆరోజు నేను మర్యాదగా గొంతు తగ్గించి మాట్లాడి ఉంటే ఆ జొన్నరొట్టెలు, గురెళ్ళ కారం నాకు లేవు. అయితే ఆసుపత్రిలో, రైళ్ళలో నిశ్శబ్దంగా ఉండమని రాసిపెట్టిన పెట్టెల్లో మాత్రం నోరు కట్టుకోండి. అక్కడ మాట్లాడితే వచ్చేది పరిచయం కాదు, తగువు.

ఇక ఊరి పేరు. మనవాళ్ళు ఎక్కువగా తప్పుదారి పట్టేది ఇక్కడే కాబట్టి దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను. ఎవరడిగినా "ఎమ్మిగనూరు" అని పూర్తిగా, స్పష్టంగా చెప్పండి. తెలియదంటే "ఆదోని పక్కన" అనండి. అదీ తెలియదంటే "మంత్రాలయం పక్కన" అనండి. హైదరాబాద్ అంటే అవతలి మనిషి బిర్యానీ బాగుంటుంది కదా అని ఊరుకుంటాడు. మంత్రాలయం అంటే ఊరుకోడు.

రాఘవేంద్రస్వామి 1671లో తుంగభద్ర ఒడ్డున బృందావన ప్రవేశం చేశారు. అప్పటి నుంచి ఆ ఊరికి కన్నడం వాళ్ళు, తమిళులు, మరాఠీలు వస్తూనే ఉన్నారు. రజనీకాంత్ తన నూరో సినిమాగా 1985లో రాఘవేంద్రస్వామి పాత్రే వేశాడు. అంటే దక్షిణాదివాడు ఎవడు ఎదురైనా వాడి ఇంట్లో ఎవరో ఒకరు మన ఊరి మీదుగా పోయినవాళ్ళు ఉండడానికి బాగా అవకాశం ఉంది. ఎమ్మిగనూరుకు రైలు లేకపోవచ్చు, బస్టాండులో నిలబడి మంత్రాలయం బస్సు కోసం చూసే భక్తులు మాత్రం ఎందరో.

కువైట్లో ఒక పంటి డాక్టరు దగ్గరకు పోయాను. తమిళాయన. నోరు తెరిపించి, దూది కుక్కి, మిషను చేతికి తీసుకున్నాక మాట వరసకు ఊరేదని అడిగాడు. నర్సు కాగితం చూసి చదివింది, అది మంత్రాలయానికి దగ్గరని కూడా ఆమే చెప్పింది. ఆమెది హుబ్బళ్ళి. డాక్టరు మిషను ఆపేశాడు. గురువారం రద్దీ ఎక్కువా, మఠంలో గదులు దొరుకుతాయా, మదరాసు నుంచి వచ్చే రైలు మంత్రాలయం రోడ్డులో ఎన్నింటికి ఆగుతుంది, ఏటిలో నీళ్ళున్నాయా, అని ఒకదాని వెంట ఒకటి అడుగుతున్నాడు. నేను నోరు తెరుచుకునే ఉన్నాను. రద్దీకి కళ్ళు పెద్దవి చేశాను, రైలు టైముకు వేళ్ళు చూపించాను, నీళ్ళకు చెయ్యి అడ్డంగా ఊపాను. బయట కూర్చున్న రోగులు లోపల ఏం జరుగుతోందో అని తొంగిచూశారు. ఆయన జేబులోంచి పర్సు తీసి స్వామివారి ఫోటో చూపించి, కళ్ళకు అద్దుకుని, ఆ తర్వాతే నా పన్ను ముట్టుకున్నాడు. ఎప్పుడు పోయినా ముందు ఊరి కబుర్లు, తర్వాత పళ్ళు. నర్సు కూడా మా మాటల్లో చేరేది.

పెట్టెలో ఒక ఎమ్మిగనూరు దుప్పటి కూడా పెట్టుకోండి. బరువని తీసేస్తారు, తీయకండి. 1938లో మాచాని సోమప్ప మన ఊళ్ళో చేనేత సహకార సంఘం పెట్టారు, 1954లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆ మగ్గాల మీది దుప్పట్లు ఎక్కడెక్కడి ఇళ్ళకో పోయాయి. ఇంగ్లండులో డబ్బులేసి బట్టలుతుక్కునే దుకాణంలో నేను మడత పెడుతున్న దుప్పటిని చూసి బెంగళూరావిడ ఒకరు దగ్గరకొచ్చి అంచు పట్టుకుని చూసింది. వాళ్ళ అమ్మ ఇంట్లో అలాంటిదే ఉండేదట. రెండో కొస ఆమే పట్టుకుని మడత పెట్టించింది. కంపెనీ బొంత తీసుకుపోయి ఉంటే ఎవరు పట్టుకుంటారు?

వేరే దేశం మనిషి అనుకుని ఎవరన్నా పలకరిస్తే వెంటనే కాదనకండి. ఇది మూడో మాట. చాలామందికి ఇది అవమానంగా తోస్తుంది. ఆ చిన్నతనం మనసులోంచి తీసేయండి. ఒక మనిషి మిమ్మల్ని చూసి తనవాడనుకున్నాడు. అంతకంటే గౌరవం ఏముంది?

కువైట్లో ఇంటికి డబ్బు పంపే వరసలో నిలబడ్డాను. వెనక ఉన్న ఒక ఇథియోపియా ఆవిడ నాతో వాళ్ళ భాషలో మాట్లాడటం మొదలుపెట్టింది. కౌంటరు వైపు చూపిస్తోంది, చేతులు తిప్పుతోంది. ఏదో కష్టం చెప్పుకుంటోందని అర్థమైంది. మధ్యలో ఆపడం బాగుండదని పూర్తిగా విన్నాను. చివర ఏదో అడిగి నా జవాబు కోసం చూసింది. "ఇండియా" అన్నాను. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకోలేకపోయింది. నన్ను హబ్షీవాడినే, అంటే వాళ్ళ దేశంవాడినే అనుకుందంట.

"హబ్షీ" అనగానే నాకు మన ఆదోని గుర్తొచ్చింది. ఇద్దరికీ వచ్చిన కొద్దిపాటి అరబ్బీలో సిద్ది మసూద్ ఖాన్ కథ చెప్పాను. 17వ శతాబ్దంలో బీజాపూరు సుల్తానుల తరఫున ఆదోనిని ఏలినవాడు, ఆదోని జామియా మసీదు కట్టించినవాడు హబ్షీ మనిషే. రాఘవేంద్రస్వామిని పరీక్షిద్దామని పళ్ళెంలో మాంసం పెట్టి గుడ్డ కప్పి పంపించాడని, గుడ్డ తీసేసరికి అందులో పండ్లు, పూలు ఉన్నాయని, మంచాల గ్రామాన్ని ఆయనే స్వామివారికి ఇచ్చాడని, ఆ మంచాలే నేటి మంత్రాలయమని మన పక్క చెప్పుకునే కథ. ఆమె కళ్ళు పెద్దవి చేసుకుని అంతా విని, వెనక్కి తిరిగి వరసలో ఉన్న తనవాళ్ళందరికీ గట్టిగా చెప్పింది. వాళ్ళల్లో ఒకాయన ముందుకొచ్చి శ్రద్ధగా అడిగాడు: "ఇప్పుడూ మావాళ్ళే ఉన్నారా అక్కడ? వస్తే ఉద్యోగం ఇస్తారా?" మూడున్నర వందల ఏళ్ళు దాటిందని చెబితే వరసంతా ఒకటే నవ్వు. నన్ను ముందుకు పంపించారు, వాళ్ళ ఊరి మనిషికి మర్యాద చేస్తున్నామని.

మొదటి మాటకే "నేను కాదు" అని మొహం తిప్పుకుని ఉంటే ఆ వరసలో ఆదోని పేరు ఎవరూ పలికేవాళ్ళు కాదు.

దారి ఫోన్‌లో చూసుకోకండి, మనుషుల్ని అడగండి. తెలిసినా అడగండి. మన దివాన్ వెంకన్న కథ గుర్తుచేసుకోండి. చదువురాని కుర్రవాడు పశువులు కాసుకుంటున్నాడు. ఆదోని నవాబు ఆ దారిన పోతూ చేతికి వచ్చిన ఉత్తరం చదవమని వాడికిచ్చాడు. వాడు రాఘవేంద్రస్వామిని తలుచుకున్నాడు, చదివేశాడు, దివాన్ అయ్యాడు. నవాబుకు ఆరోజు ఉత్తరం చదివిపెట్టే ఫోన్ ఉంటే వెంకన్న జీవితాంతం పశువులే కాసేవాడు.

స్కాట్లండులో గ్లాస్గో నగరానికి పోయినప్పుడు వాన. బస్సు షెల్టరు కింద ఒక ముసలాయన ఉంటే పెద్ద చర్చికి దారి అడిగాను. "నేనూ అటే" అని నాతో నడిచాడు. ఏ ఊరు, ఏం పని అని అడిగితే చెప్పాను: మీ ఊరికీ మా ఊరికీ సంబంధం ఉంది, ఇక్కడ పుట్టిన మన్రో మా దగ్గర చనిపోయాడు, ఆయన కోసమే ఈ ఊరు చూడాలనుకున్నాను అని.

"మన్రో" ఒక్కటే ఆయన చెవిన పడింది. మొహం వెలిగిపోయింది. "ఎన్ని ఎక్కావు?" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. "ఒక్కడే మన్రో. పత్తికొండలో కలరాతో పోయాడు" అన్నాను.

ఆయన ఆగిపోయాడు. "కలరా? కొండ మీదా?"

"అవును, పత్తికొండలో."

ఇద్దరం వానలో నిలబడి కాసేపు ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. తర్వాత విడమరిచి చెప్పుకున్నాం. స్కాట్లండులో మూడు వేల అడుగులు దాటిన కొండల్ని మన్రోలంటారు. 1891లో ఆ కొండల జాబితా వేసిన సర్ హ్యూ మన్రో పేరే వాటికి వచ్చింది. ఇప్పుడవి 282. అన్నీ ఎక్కడం అక్కడివాళ్ళకు ఒక జీవిత లక్ష్యం, ఈయన సగానికి పైగా ఎక్కాడు. నేను చెప్పింది సర్ థామస్ మన్రో సంగతి. 1761లో గ్లాస్గోలో పుట్టి, 1800 నుంచి 1807 దాకా మన దత్తమండలాలకు కలెక్టరుగా ఉండి, తర్వాత మదరాసు గవర్నరై, 1827 జూలై 6న పత్తికొండలో కన్నుమూసినవాడు. చర్చి దాకా, చర్చి దాటి కూడా ఆయనకు మన్రో కథలే చెప్పాను. మఠం భూముల విచారణకని మంత్రాలయం వచ్చి, చెప్పులు, టోపీ తీసి బృందావనం ముందు నిలబడి ఎవరితోనో మాట్లాడాడని, చుట్టూ ఉన్నవాళ్ళకు ఆ రెండో మనిషి కనబడలేదని చెప్పే కథ. మన సీమలో పిల్లలకు మన్రోలప్ప అని పేర్లు పెట్టుకున్న సంగతి. ముసలాయనకు ఆ పేరు బాగా నచ్చింది. నోటికి పట్టేదాకా నాతో పదేపదే చెప్పించుకున్నాడు. ఇంటికి పోయి మనవడిని ఇక నుంచి అదే పేరుతో పిలుస్తానన్నాడు.

వంట దగ్గరకు వద్దాం. తిరగమాత వాసన బయటికి పోకూడదని తలుపులు బిగించుకుని వండుకునే పిల్లల్ని చూస్తే నాకు జాలి. మా మేనల్లుడు జర్మనీలో చదువుకుంటూ హాస్టల్లో ఉన్నాడు. ఒక రాత్రి ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు చేసుకుందామని నూనె పెట్టాడు. పొగ పోయి అలారం మోగింది. నాలుగంతస్తుల వాళ్ళూ చలిలో రోడ్డు మీదికొచ్చి నిలబడ్డారు. వీడి చేతిలో బజ్జీల పళ్ళెం అలాగే ఉంది. ఏం చేయాలో తోచక పక్కనున్నవాడికి ఇచ్చాడు. వాడు తిని, కళ్ళనీళ్ళు తుడుచుకుని, పక్కవాడికి అందించాడు. అగ్నిమాపకదళం వచ్చేసరికి పళ్ళెం ఖాళీ. అన్ని నెలలు ఒకే మెట్ల మీద ఎక్కి దిగినవాళ్ళు ఆ రాత్రి మొదటిసారి పేర్లు చెప్పుకున్నారు. ఇప్పుడు శనివారం వస్తే బొరుగులు నానబెట్టే పని ఒకడిది, పిండే పని ఒకడిది. అలారం మోగించమని నేను చెప్పడం లేదు, అది ప్రమాదం, జరిమానా కూడా పడొచ్చు. కిటికీ తెరవండి, అందరూ ఇంట్లో ఉండే పూట వండండి, వండింది పక్క గదికి పట్టుకుపోండి. ఎవరూ అడగలేదని ఆగొద్దు.

ఒక విషయంలో మాత్రం మనవాళ్ళ మీద నాకు కోపముంది. పరాయిదేశంలో తెలుగువాడు ఎదురైతే భాష పరీక్ష పెడతారు. మారిషస్ తెలుగువాళ్ళ ముత్తాతలు చెరకు తోటల కూలికి 19వ శతాబ్దంలో ఓడలెక్కారు. అక్కడ ఉగాది జాతీయ సెలవుదినం, సింహాద్రి అప్పన్న పూజలున్నాయి, రామభజనం ఉంది. మాట మాత్రం క్రియోల్‌లో మాట్లాడతారు. లండన్‌లో నాకు ఎదురైన ఒక మారిషస్ ఆయనకు "బాగున్నారా" కూడా కష్టంగా ఉంది. భజన ఎత్తుకుంటే ఒక్క అక్షరం పోలేదు. నేను పాడలేకపోయిన చరణాలు ఆయన పాడాడు. అలాంటి మనిషిని "తెలుగు రాదా?" అని అడగడం పాపం. అడగకండి, పక్కన కూర్చుని వంత పాడండి.

ఈ సలహాలు మన పక్కవాళ్ళకు నిజానికి కొత్తవి కావు. కోసిగి, పెద్దకడబూరు, నందవరం వైపు నుంచి ఏటేటా మిరపకోతలకు గుంటూరుకు, పత్తికి తెలంగాణకు సుగ్గికి పోయే కుటుంబాలను చూడండి. వానలు మోసం చేసి, పనులు దొరక్క, పిల్లల్ని చంకనేసుకుని పోతారు. ఆ బాధ వేరు, దాన్ని తేలిగ్గా తీసుకోను. కానీ ఆ అవ్వలు, అక్కలు కొత్త ఊర్లో దిగిన పూటే పక్క గుడిసెకు పోయి ఉప్పో, నిప్పో అడుగుతారు. అడగడం వాళ్ళకు నామోషీ కాదు. డిగ్రీలు చదివి విమానమెక్కిన వాళ్ళకే అది నామోషీ అయింది.

ఎంత తలకిందుల సలహాలైనా రెండిటి జోలికి నేను పోను. ఎయిర్‌పోర్టులో ఎంత దగ్గరివాడు, ఎంత తీయగా అడిగినా, విప్పి చూడని పొట్లం మోసుకుపోవద్దు. మందులని, మసాలాలని చెప్పి ఇస్తారు, గల్ఫ్‌లో దిగాక జైలుకు పోయేది మోసినవాడు. రెండోది పాస్‌పోర్టు. దాన్ని పరిచయస్థుడి చేతికి ఇవ్వద్దు, దాని ఫోటో కాపీ ఇంట్లో ఒకటి వదిలిపోండి. ఒంటరిగా పోయే ఆడపిల్లలు జనం ఉన్నచోటే మాట కలపండి, మనసు కీడు శంకిస్తే మర్యాద చూడకుండా లేచి వచ్చేయండి. ఈ జాగ్రత్తలు గట్టిగా పట్టుకుంటే మిగతా భయాలన్నీ వదిలేయొచ్చు.

ఊళ్ళో ఉండిపోయిన మనకూ ఒక పని ఉంది. మంత్రాలయం పోయేందుకు ఎమ్మిగనూరు బస్టాండులో దిగి దిక్కులు చూసే మరాఠీ ముసలివాళ్ళు, ఆదోని మిల్లుల్లో పనికి వచ్చిన బీహారు కుర్రాళ్ళు మన దగ్గర పరాయివాళ్ళే. వాళ్ళు దారి అడిగితే వేలు చూపించి పంపకండి. సోమప్ప సర్కిల్ దాకా అయినా వెంట నడవండి, ఏ ఊరని అడగండి.